హోరు కొండ కింద ఊరు



జెర్మాట్ రైల్వే స్టేషన్ బయటికొచ్చి, సామాను పక్కన పెట్టుకుని నిలుచున్నాను. ఏదో తేడాగా అనిపించింది. చలి వల్లనేమో అనుకుంటే, చలికి సిద్ధపడే వెళ్ళాను. ఫిబ్రవరి నెల, మధ్యాహ్నం వేళ. వీధి నిండా మనుషులు. భుజాన స్కీలు, కాళ్ళకు బరువైన బూట్లు, అడుగు వేస్తే టకటకమని చప్పుడు. ఎక్కడో గుర్రం మెడలో గంటలు. చర్చి గడియారం ఒంటిగంట కొట్టింది. వంతెన కింద ఏరు పారుతోంది. ఇవన్నీ వేటికవే విడివిడిగా వినిపిస్తున్నాయి. అప్పుడర్థమైంది. ఇంజన్ చప్పుడు లేదు. హారన్ లేదు. పొగ వాసన లేదు. ప్రపంచమంతా వచ్చి వాలే ఊళ్ళో, నడివీధిలో, ఒక్క పెట్రోలు కారు లేదు.

నేను చాలా ఊళ్ళు చూశాను. అవన్నీ ఫొటోల్లో ఉన్నాయి. జెర్మాట్ మాత్రం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే రేడియోలో చెప్పదగ్గ ఊరు ఇదేననిపించింది.

స్విట్జర్లాండ్ దక్షిణాన, ఇటలీ సరిహద్దును ఆనుకుని ఒక పొడవాటి లోయ ఉంది. ఆ లోయ చిట్టచివర, ఇంక ముందుకు దారి లేదనే చోట ఉంది ఈ ఊరు. మా అమ్మాయి, అల్లుడు జ్యూరిక్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడి నుంచి విస్ప్ అనే ఊరిదాకా పెద్ద రైల్లో రెండు గంటలు. మధ్యలో 34 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం ఒకటి వస్తుంది. విస్ప్‌లో దిగి చిన్న రైలెక్కాలి. అది కొండ అంచున, ఏటి పక్కన, మెల్లగా పాకుతుంది. ఎక్కువ ఏటవాలు ఉన్నచోట పట్టాల మధ్య ఉండే పళ్ళను రైలు కింది చక్రం పట్టుకుని పైకి లాగుతుంది. జెర్మాట్‌కు అయిదు కిలోమీటర్ల ముందు టాష్ అనే ఊరు. కార్లలో వచ్చే యాత్రికులు కారు అక్కడ పెట్టేసి రైలో టాక్సీయో ఎక్కాల్సిందే.

ఊరు సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంది. మన తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరాల్లో ఒకటైన అర్మ కొండ ఎత్తు దాదాపు 1,680 మీటర్లు. అంటే మన కొండల కొసలు ఎక్కడ ఆగుతాయో అక్కడ వీళ్ళ వీధులు మొదలవుతాయి. ఊళ్ళో స్థిరంగా ఉండేవాళ్ళు ఆరువేల లోపే.

జెర్మాట్ అంటే పచ్చిక దగ్గరి చోటు అని అర్థం. ఆ పచ్చిక మీద కొమ్ములా లేచిన కొండ మాటర్‌హార్న్. ఎత్తు 4,478 మీటర్లు. టోబ్లరోన్ చాక్లెట్ అట్ట మీద ఏళ్ళ తరబడి మనం చూసిన కొండ అదే. 2023లో తయారీ కొంత వేరే దేశానికి తరలడంతో, స్విస్ చట్టం ప్రకారం ఆ బొమ్మ తీసేయాల్సి వచ్చింది. ఊళ్ళోవాళ్ళు మాటర్‌హార్న్ అన్న పెద్ద పేరు పలకరు. వాళ్ళ యాసలో అది 'హోరు'. కొమ్ము అనే అర్థం. మా అమ్మాయి ఆ మాట చెప్పినప్పుడు మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. గాలి హోరు, కడలి హోరు అనే భాష మనది. ఆ కొండ మీద గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు మన అర్థం కూడా అతికినట్టే ఉంటుంది.

నేను వెళ్ళిన రోజు హోరు కనబడలేదు. లోయ మీద మబ్బు దుప్పటి కప్పినట్టుంది. ఇంత దూరం వచ్చి కొండ చూడకుండా పోతామేమోనని మా మనవరాలు మొహం చిన్నబుచ్చుకుంది. దానికి ఏడేళ్ళు. "అమ్మమ్మా, కొండ ఎటువైపుంది?" అని అడుగుతూనే ఉంది. కొండ కనబడకపోవడం వల్లనే ఆ రోజంతా ఊరు చూశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మబ్బుకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పెద్ద వీధి రెండు పక్కలా గడియారాల కొట్లు, హోటళ్ళు. వాటి గురించి చెప్పేదేమీ లేదు, డబ్బున్న ఏ ఊళ్ళోనైనా ఉండేవే. ఆ వీధి నుంచి పక్క సందులోకి తిరిగితే హింటర్‌డోర్ఫ్ వస్తుంది. వెనక ఊరు అని అర్థం. అక్కడ ఇళ్ళు, గొడ్ల సావిళ్ళు, ధాన్యం కొట్లు అన్నీ లార్చ్ చెక్కతో కట్టినవి. మూడు నాలుగు వందల ఏళ్ళ నుంచి ఎండకు కాగి కాగి ఆ చెక్క నల్లబడిపోయింది. వంటింట్లో పొగచూరిన దూలం ఉంటుంది చూడండి, ఆ రంగు.

ఒక ధాన్యం కొట్టు ముందు చాలాసేపు ఆగిపోయాను. అది నేల మీద లేదు. మొద్దు కాళ్ళ మీద నిలబెట్టారు. ఒక్కో కాలికీ కొట్టుకూ మధ్య తిరగలి రాయంత గుండ్రటి రాతి పలక అడ్డంగా పెట్టారు. నేను వంగి చూశాను. పలక అంచు కాలి కంటే బాగా వెడల్పుగా బయటికి వచ్చి ఉంది. ఎలుక కాలు పట్టుకుని పైకెక్కుతుంది, పలక తగులుతుంది, తలకిందులుగా పాకలేక కిందికి దిగిపోతుంది. అంతే. మేకులేదు, మందులేదు, బోను లేదు. మన గాదెలు, గరిసెలు చూసి పెరిగినదాన్ని కదా, ధాన్యాన్ని ఎలుక నుంచి కాపాడుకోవడం ఎంత పెద్ద పనో నాకు తెలుసు. ఆ పలక మీద చెయ్యి పెట్టాను. మంచులా చల్లగా ఉంది. దాన్ని అక్కడ పెట్టిన రైతు ఎంత పేదవాడో, ఎంత ఆలోచనాపరుడో ఆ ఒక్క రాయి చెప్పింది.

నిజంగానే ఒకప్పుడు ఇది పేద ఊరు. మేకలు, గొర్రెలు, రెండు మూడు ఆవులు, కొండవాలులో చిన్న చిన్న రై ధాన్యపు చేలు. రై రొట్టెను ఈ కొండ ఊళ్ళలో ఏడాదికి రెండు మూడుసార్లే కాల్చేవారు. ఊరందరికీ ఒకటే పొయ్యి. వంతుల ప్రకారం ఒక్కో ఇల్లూ వచ్చి నెలలకు సరిపడా రొట్టెలు చేసుకుని, కొట్లో ఆరబెట్టుకునేవాళ్ళు. రోజులు గడిచేకొద్దీ అవి రాయిలా గట్టిపడేవి. పచ్చిక బయళ్ళు ఉమ్మడివి, అడవి ఉమ్మడిది, నీటి కాలువ ఉమ్మడిది. మన పల్లెల్లో ఊరుమ్మడి అంటామే, సరిగ్గా అదే. ఈ మాట మనసులో పెట్టుకోండి. జెర్మాట్‌ను అర్థం చేసుకోవడానికి నాకు పనికొచ్చిన మాట ఇదొక్కటే.

సాయంత్రం మ్యూజియానికి వెళ్ళాం. చర్చి పక్కనే, నేల కింద కట్టారు. అందులో ఒక గాజు పెట్టె. పెట్టెలో ఒక తాడు ముక్క. మనం బట్టలు ఆరేసుకునే తాడు కంటే కాస్త గట్టిగా ఉంటుందేమో, అంతే. ఒక కొస పీచులు పీచులుగా విడిపోయి ఉంది.

1865 జూలై 14న ఏడుగురు మనుషులు మొదటిసారి హోరు శిఖరం మీద నిలబడ్డారు. నాయకుడు ఎడ్వర్డ్ వింపర్. ఇరవై అయిదేళ్ళ ఇంగ్లిషు యువకుడు, చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చుకు ఇచ్చే పనివాడు. చార్లెస్ హడ్సన్ అనే పాదిరి, పంతొమ్మిదేళ్ళ డగ్లస్ హాడో, పద్ధెనిమిదేళ్ళ లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్ కూడా ఉన్నారు. దారి చూపేవాళ్ళు ముగ్గురు. షామొనీ నుంచి వచ్చిన మిషెల్ క్రో, జెర్మాట్‌కు చెందిన పీటర్ టౌగ్‌వాల్డర్, అదే పేరున్న అతని కొడుకు. ఎక్కారు. చూశారు. దిగడం మొదలుపెట్టారు. అలవాటు చాలని హాడో కాలు జారింది. ముందున్న క్రో మీద పడ్డాడు. ఆ ఇద్దరి బరువుకు హడ్సన్, ఆయన వెనక డగ్లస్ లాక్కుపోయారు. పై ముగ్గురూ బండను కరిచిపట్టుకున్నారు. డగ్లస్‌కూ పెద్ద టౌగ్‌వాల్డర్‌కూ మధ్యనున్న తాడు తెగింది. నలుగురు వెయ్యి మీటర్లకు పైగా కిందికి, హిమానీనదం మీదికి పడిపోయారు. ముగ్గురి దేహాలు దొరికాయి. లార్డ్ డగ్లస్ ఈ రోజుకీ దొరకలేదు.

ఆ తాడే గాజు పెట్టెలో ఉంది. వాళ్ళ దగ్గర అంతకంటే గట్టి తాళ్ళు ఉన్నాయి. ఆ ఇద్దరి మధ్య మాత్రం అన్నిటికంటే బలహీనమైనది కట్టారు. టౌగ్‌వాల్డరే కావాలని కోశాడని లోకం గుసగుసలాడింది. విచారణ జరిగింది, అతని తప్పు లేదని తేల్చారు. అయినా నింద వదల్లేదు. ఆ పీచుల కొసను నేను దగ్గరగా చూశాను. కత్తి కోత అంత చిందరవందరగా ఉండదు. లాగుడికి తెగిన తాడు అది. బావిలో చేద తాడు తెగితే చూసిన ఏ ఇల్లాలైనా ఆ మాట చెప్పగలదు. దిక్కులేని వాడి మీద నింద ఎంత తేలిగ్గా పడుతుందో, ఎంతకాలం ఉంటుందో తలుచుకుంటే అక్కడ నా మనసు భారమైంది.

మూడు రోజుల తర్వాత, జూలై 17న, ఇటలీ వైపు నుంచి జాన్ ఆంత్వాన్ కరెల్ కూడా శిఖరం చేరాడు. 1871లో లూసీ వాకర్ అనే మహిళ పొడవాటి గౌను వేసుకునే ఎక్కింది. అప్పటి నుంచి ఇప్పటివరకు ఆ కొండ మీద చనిపోయినవాళ్ళు అయిదువందలకు పైనే. 2015లో, మొదటిసారి శిఖరమెక్కి నూటయాభై ఏళ్ళు నిండిన రోజున కొండెక్కడం ఎవరికీ వీల్లేదన్నారు. పోయినవాళ్ళ గౌరవార్థం ఆ ఒక్క రోజు హోరును ఒంటరిగా వదిలేశారు.

చర్చి వెనక కొండెక్కి పోయినవాళ్ళ సమాధులున్నాయి. కొన్ని రాళ్ళ మీద మంచుగొడ్డళ్ళు బిగించి ఉన్నాయి. చాలామంది ఇరవైల్లో ఉన్నవాళ్ళే. అక్కడ నిలబడితే నాకు మన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు గుర్తొచ్చాడు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కినవాడు, 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం విడిచాడు. మంచు మీద పోయిన కొడుకుల కోసం ఏ దేశపు తల్లి అయినా ఒకేలా ఏడుస్తుంది.

కొండతో బతికి బట్టకట్టినవాళ్ళ గురించి కూడా చెప్పాలి. ఉల్రిక్ ఇండర్‌బినెన్ ఈ ఊరివాడే. 1900లో పుట్టాడు. కొండ దారి చూపడమే ఆయన వృత్తి. హోరు శిఖరం మీదికి 370 సార్లకు పైగా వెళ్ళాడు. చివరిసారి వెళ్ళేటప్పటికి ఆయనకు తొంభై ఏళ్ళ దరి. నూట మూడేళ్ళు బతికి 2004లో కన్నుమూశాడు. ఊళ్ళో ఆయన పేరున ఒక నీటి ఫౌంటెన్ కట్టారు. ఆ నీళ్ళు దోసిలితో పట్టుకుని తాగాను.

ఇక ఆ 1865 ప్రమాదం తర్వాత ఏమైందంటే, జనం భయపడి మానేస్తారనుకుంటే తండోపతండాలుగా వచ్చారు. అలెగ్జాండర్ జైలర్ అనే ఆయన అప్పటికే ఇక్కడ హోటల్ నడుపుతున్నాడు. అంతకుముందు సబ్బులు చేసి అమ్మేవాడు. ఆయన మోంటే రోజా హోటల్ ఇప్పటికీ పెద్ద వీధిలో ఉంది. గోడ మీద వింపర్ బొమ్మ ఉంది. ఈ ఊరికి పేరు తెచ్చినవాళ్ళలో జైలర్‌ది పెద్ద చెయ్యి. అయినా ఊరి ఉమ్మడి ఆస్తిలో వాటా ఉండే పౌరుడిగా ఆయన్ని చేర్చుకోవడానికి పాత కుటుంబాలు ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. అది వాళ్ళ మొండితనం, నేను సమర్థించను. కానీ అదే మొండితనంతో 1879లో ఆ కుటుంబాల సంఘం సొంతంగా ఒక పెద్ద హోటలు కట్టింది. జెర్మాటర్‌హోఫ్ దాని పేరు. ఈ రోజుకీ అది ఆ సంఘానిదే. నిన్నటిదాకా ఒకే పొయ్యి మీద వంతులవారీగా రొట్టె కాల్చుకున్న మేకల కాపరులు, పరదేశి దొరలు దిగే హోటలుకు ఉమ్మడి యజమానులయ్యారు. కొండను చూపించి వచ్చే డబ్బు కొండ కిందివాళ్ళ చేతి నుంచి జారిపోకూడదని పట్టుబట్టారు. కార్ల విషయంలోనూ అంతే. టాష్ నుంచి రోడ్డు అందరికీ తెరుద్దామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఊరివాళ్ళు వద్దని ఓటేశారు. ఆ ఓటు వల్లనే నాకు స్టేషన్ ముందు గుర్రం గంటలు వినిపించాయి.

ఊళ్ళో తిరిగేవి కరెంటు బండ్లు. బీరువాకు చక్రాలు పెట్టినట్టు నలుచదరంగా ఉంటాయి. టాక్సీలు, బస్సులు, సామాన్లు మోసేవి అన్నీ అవే. చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చేస్తాయి కాబట్టి చంటిపిల్లలున్నవాళ్ళు జాగ్రత్తగా నడవాలి.

రాత్రి రాక్లెట్ తిన్నాం. పెద్ద చీజ్ ముక్కను వేడి దగ్గర పెట్టి, కరిగిన పొరను కత్తితో గీకి పళ్ళెంలో వేస్తారు. పక్కన తొక్కతో ఉడికించిన బంగాళదుంపలు, ఊరవేసిన దోసకాయ ముక్కలు, ఉల్లిపాయలు.  వడ్డించిన అబ్బాయి పోర్చుగల్ నుంచి వచ్చాడట. ఈ ఊళ్ళో వంటలు, గదులు, రోడ్డు మీద మంచు ఎత్తడం, ఇలాంటి పనుల్లో పోర్చుగల్ వాళ్ళు చాలామంది ఉన్నారు. అద్దెలు భరించలేక కొందరు కింద టాష్‌లో ఉండి రోజూ రైల్లో పైకొస్తారు. మన పిల్లలు గల్ఫ్ దేశాలకు వెళ్ళినట్టే. ఈ ఊరి అందంలో వాళ్ళ చెమట కూడా ఉందని చెప్పకపోతే నేను చెప్పింది సగమే అవుతుంది.

తెల్లవారుజామున మా అల్లుడు తలుపు కొట్టాడు. "అత్తయ్యా, మబ్బు విడిచింది, రండి" అన్నాడు. స్వెటర్ మీద కోటు, దానిమీద శాలువా కప్పుకుని చర్చి దగ్గరున్న వంతెన మీదికి వెళ్ళాను. ఊరింకా చీకట్లోనే ఉంది. పైన ఆకాశంలో, నేను చూస్తున్న చోటు కంటే చాలా పైన, నిప్పురవ్వలాంటిది ఒకటి వెలిగింది. కొండ అంత ఎత్తుంటుందని నేను ఊహించలేదు, కిందెక్కడో వెతుకుతున్నాను. ఆ వెలుగు కొస నుంచి కిందికి జారింది. ముందు కుంకుమ రంగు, తర్వాత పసుపు, తర్వాత పాలమీగడ రంగు. ఒక్క కొమ్ము, ఒంటరిగా, చుట్టూ ఆనుకునే కొండ ఏదీ లేకుండా. నోట మాట రాలేదు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. మా మనవరాలు నా శాలువాలోకి దూరి, "హోరు" అంది మెల్లగా.

ఆ కొండ పైభాగపు రాయి ఆఫ్రికా వైపు నుంచి కదిలివచ్చిన భూఫలకానిదని, దాని కింద ఒకప్పటి సముద్రపు అడుగు ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. రెండు భూఖండాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే సముద్రం నలిగి, రాయి ముడతలుపడి పైకి లేచింది. మన హిమాలయాలు పుట్టింది కూడా అలాంటి ఒత్తిడి వల్లనే.

ఆ రోజు గోర్నర్‌గ్రాట్ రైలెక్కాం. 1898లో మొదలైన రైలు ఇది. స్విట్జర్లాండ్‌లో కరెంటుతో నడిచిన మొట్టమొదటి పళ్ళ చక్రపు రైలు. అరగంటలో 3,089 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. పైన నిలబడితే నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరాలు 29 కనిపిస్తాయి. స్విట్జర్లాండ్‌లో అన్నిటికంటే ఎత్తైన 4,634 మీటర్ల శిఖరం మోంటే రోజా కొండల్లో ఎదురుగానే ఉంటుంది. అంత ఎత్తున ఆయాసం వస్తుంది. నాలుగడుగులు వేసి ఆగాలి, మళ్ళీ నాలుగడుగులు వేయాలి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళు వెళ్ళేముందు డాక్టరును అడగండి. కేబుల్ కార్లో ఇంకా పైకి, 3,883 మీటర్లకు వెళ్ళవచ్చు. యూరప్‌లో అంతకంటే ఎత్తున కేబుల్ కార్ స్టేషన్ లేదు.

స్కీ గురించి చెప్పకుండా ఈ ఊరి గురించి ముగించలేను. నిజానికి ఇది మొదట వేసవి విడిది. రైలు 1891లో వచ్చినా 1920ల చివరిదాకా చలికాలంలో నడిచేది కాదు. తర్వాతే మంచు కోసం జనం రావడం మొదలైంది. ఇప్పుడు ఇటలీ వైపు చెర్వీనియాతో కలిపి 360 కిలోమీటర్ల స్కీ దారులున్నాయి. నీలం గుర్తు సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు ఆరితేరినవాళ్ళకు. పొద్దున్న ఇక్కడ బయల్దేరి, కొండ దాటి, ఇటలీలో భోంచేసి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

సున్నెగ్గా అనేచోట పిల్లలకు నేర్పుతున్నారు. మా మనవరాలినీ చేర్చాం. మొదటి పాఠం వేగంగా వెళ్ళడం గురించి ఉంటుందనుకున్నాను. ఆగడం ఎలాగో నేర్పారు. రెండు స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా, నాగలి కొయ్య ఆకారంలో పెట్టి మడమలతో బయటికి నొక్కాలి. మంచు గీసుకుని వేగం తగ్గుతుంది. ఆ తర్వాత పడటం నేర్పారు, పడి లేవడం నేర్పారు. కదలడం అన్నిటికంటే చివర. మంచి గురువులు. మూడో గంటకు మా పిల్ల ఏడెనిమిది గజాలు ఒంటరిగా జారి, నాగలి పట్టి, ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపు నాతోనే ఉంటుంది. నేను స్కీలు కట్టలేదుగానీ రోటెన్‌బోడెన్ నుంచి రిఫెల్‌బెర్గ్ దాకా చెక్కబండి మీద మంచులో జారాను. చెవుల్లో గాలి హోరు, ఎదురుగా హోరు.

గోర్నర్‌గ్రాట్ మీద నుంచి కిందికి చూస్తే గోర్నర్ హిమానీనదం కనిపిస్తుంది. గడ్డకట్టిన గోదావరిలా మెలికలు తిరిగి ఉంటుంది. దాని రెండు ఒడ్డులా కొండ గోడల మీద బూడిద రంగు గీత ఉంది. మొదట నాకు అర్థం కాలేదు. ఒకప్పుడు మంచు అంతవరకు ఉండేదని మా అల్లుడు చెప్పాడు. చెరువు ఎండితే గట్టు మీద పాత నీటి జాడ మిగిలినట్టే. ఆ గీతకూ కింద మంచుకూ మధ్య దూరం చూస్తే కడుపులో దేవినట్టయింది.

2022, 2023 ఈ రెండేళ్ళలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాలు తమ మంచులో పదోవంతు పోగొట్టుకున్నాయి. 1960 నుంచి 1990 దాకా ముప్పై ఏళ్ళలో కరిగినంత, రెండేళ్ళలో కరిగింది. ఏడాది పొడవునా స్కీ చేయగలిగే ఊరని పేరున్న జెర్మాట్‌లో 2022 జూలై చివర వేసవి స్కీయింగ్ ఆపేయాల్సి వచ్చింది. అదే ఏడాది శరదృతువులో జరగాల్సిన ప్రపంచ కప్ పోటీలు మంచు చాలక రద్దయ్యాయి. థియోడుల్ హిమానీనదం తగ్గిపోయి, మంచు గట్టును అనుసరించి గీసిన స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దును మళ్ళీ గీసుకోవాల్సి వచ్చింది. 1986లో తప్పిపోయిన ఒక జర్మన్ పర్వతారోహకుడి అవశేషాలు 2023లో ఆ మంచు కరిగితేనే బయటపడ్డాయి. 2024 జూన్‌లో ఊరి మధ్య ఏరు పొంగి, కింద రైలు దారి తెగిపోయింది. కార్లను ఓటుతో ఆపగలిగిన ఊరిది. ఎండను ఓటుతో ఆపలేదు. ఆ పొగ వాళ్ళ వీధిలోది కాదు, మన అందరి వీధుల్లోది. వాళ్ళు టాష్‌లో ఆపేసిన కార్ల పొగ లోకం చుట్టూ తిరిగి ఆ మంచు మీదికే వస్తోంది.

మంచు ఎక్కువైనా ఆ ఊరికి కష్టమే. 2018 జనవరిలో మంచుచరియల భయంతో రైలూ రోడ్డూ మూసేస్తే 13,000 మంది యాత్రికులు ఊళ్ళో చిక్కుకుపోయారు. హెలికాప్టర్లతో కొందరిని దింపారు. ఏర్ జెర్మాట్ అనే ఆ హెలికాప్టర్ సంస్థ 1968 నుంచి ఉంది. కొండ మీద చిక్కినవాళ్ళను వేలాడే తాడుతో పైకి తీయడంలో వాళ్ళకు సాటి లేరని పేరు. నేపాల్ వెళ్ళి హిమాలయాల్లో అక్కడివాళ్ళకూ ఆ విద్య నేర్పారు.

ఇంకొక్క సంగతి. 2020 వసంతంలో కరోనాతో లోకమంతా తలుపులు మూసుకున్నప్పుడు ఈ ఊరు కూడా ఖాళీ అయింది. అప్పుడు గెర్రీ హోఫ్‌స్టెటర్ అనే కాంతి కళాకారుడు ప్రతి రాత్రీ హోరు మీద వెలుగు బొమ్మలు వేశాడు. కష్టంలో ఉన్న దేశాల జెండాలు వేశాడు. ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆ కొండ మీద మన మువ్వన్నెల జెండా వెలిగింది. చూడ్డానికి యాత్రికుడు ఒక్కడూ లేని ఊరు, ఎక్కడో ఉన్న మనల్ని తలుచుకుంది. ఆ ఫొటో మా ఇంట్లో గోడ మీద ఉంది.

స్విట్జర్లాండ్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది పొద్దున్న రైల్లో వచ్చి, పైకెళ్ళి ఫొటో దిగి, సాయంత్రం రైలుకు వెళ్ళిపోతారు. మీరు అలా చేయకండి. ఖర్చయినా ఒక్క రాత్రి ఉండండి. పగలు మబ్బు పడితే బెంగపెట్టుకోకుండా వెనక ఊరికి వెళ్ళి ఆ ఎలుకరాయి మీద చెయ్యి పెట్టండి, మ్యూజియంలో తాడు చూడండి. తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే లేచి చర్చి వంతెన మీదికి నడవండి. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. టికెట్టు అక్కర్లేదు. చేతికి ఉన్ని తొడుగులు మర్చిపోకండి.